అహీలం

కొలిమి వెనక వంటగది. గోడకవతల మగవాళ్ళు చేరుతున్నారు. ఇవతల అత్త, ఒళ్ళో పిల్లతో కోడలు.

"తలుపు తగిలితే పెదవి లోపలివైపు ఎలా చిట్లుతుంది అత్తయ్యా?"

"చిట్లింది. నన్నడిగి చిట్లిందా ఏమిటి. పిల్ల పాలు తాగిందా?"

"తాగలేదు. నోరు పెడుతుంది, వదిలేస్తుంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందేమో చూడండి. లేకపోతే నా చెయ్యే చల్లబడిందేమో. మీరు మాట మార్చకండి."

"ఒళ్ళు బాగానే ఉంది. నీ మొహమే పీక్కుపోయింది. రాత్రి పడుకున్నావా అసలు?"

"ఎలా పడుకుంటాను? వెళ్ళి తమ్ముడి కాళ్ళు పట్టుకున్నాను. ఇంకో ఏడాది ఆగరా, అంత తొందరేమొచ్చిందిరా అని. నవ్వుతాడు. 'దాగలి దిమ్మ మీద, సమ్మెట కింద తల పెట్టేది నేనైతే నీకెందుకక్కా చెమట్లు' అంటాడు. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు అత్తయ్యా. బడి మానేసి నేను ముద్దలు పెట్టాను వాడికి. ఇక్కడికి పనికి రమ్మన్నదీ నేనే. నా కళ్ళెదుట ఉంటాడు గదా అని."

"మాట్లాడకు. నీ మొగుడొస్తున్నాడు."

"అమ్మా, మైనం ఎక్కడ పెట్టావ్?"

"కిటికీలో ఉంది. తీసుకో."

"మైనమెందుకండీ?"

"చెవుల్లోకి. దూది పెట్టి పైన మైనం. కళ్ళకి గంత. సమ్మెట పట్టినవాడికి మనిషి గొంతు వినపడకూడదు, మొహం కనపడకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మరి మధ్యలో ఆపాలనిపిస్తే?"

"ఆపేది నేను కాదు. అహీలం అన్న ఆ మాట. నేను ఉన్న బలమంతా పెట్టి దించాలి. ఆగుతుందిలే అని చెయ్యి కాస్త వెనక్కి లాగానా, అది అనుమానం. అనుమానం ఉన్న చేతిలో ఆ మాట నిలవదు. బాబాయి ఎప్పుడూ చెప్పేదే."

"నిలవకపోతే?"

"నాన్న దించినన్నాళ్ళూ ఎవడికైనా వెంట్రుక రాలిందా?"

"మామయ్యగారు లేరు గదండీ ఇప్పుడు."

"నేనున్నాను. ఆయన సమ్మెట ఉంది. ఆయన పోయాక ఇదే మొదటిది, ఇవాళ వెనక్కి తగ్గితే రేపు ఆయన పేరెత్తేవాడుండడు."

"ముందు ఏ గుమ్మడికాయ మీదో ఒకసారి..."

"నోర్ముయ్."

"వాడు నా తమ్ముడండీ."

"నాకు బావమరిది కాడూ? వాడికి లేని భయం నీకెందుకు? చొక్కా వదులు."

"వదలను. ముందు మీ అమ్మ పెదవి చూడండి. ఎలా వాచిందో."

"తలుపు తగిలితే నన్నేం చెయ్యమంటావ్?"

"తలుపని మీకెవరు చెప్పారు? నేనింకా చెప్పలేదే."

"వదలమన్నానా."

"అబ్బా. చెయ్యండీ, చెయ్యి. మెలి తిప్పకండి, పిల్ల ఉంది ఒళ్ళో..."

"ఒరేయ్. పసిపిల్ల తల్లిరా. వదులు."

"నువ్వూ మొదలెట్టకమ్మా. పొద్దున అయింది నీ వంతు. ఫోనెక్కడ? ఇటివ్వు. బయట గడియ పెట్టి పోతున్నాను. అయ్యాక వచ్చి తీస్తాను."

"ఏమండీ. ఏమండీ, ఒక్క మాట."

"వెళ్ళిపోయాడు. తలుపు బాదకు, పిల్ల జడుసుకుంటుంది. చెయ్యి చూపించు."

"నా చెయ్యి సరే. మిమ్మల్ని కొట్టింది ఆయనేనా?"

"వేళ్ళు కదులుతున్నాయా?"

"అత్తయ్యా."

"కొట్టాడు. పొద్దున. వెనక్కి పడి ఆ పొయ్యిగట్టు మీద కూచున్నాను. మీ మామయ్యా అలాగే కొట్టేవాడు, చెయ్యి వెనక వైపుతో. ఇంత పోలికెక్కడ దాచుకున్నాడా అనుకున్నాను."

"ఎందుకు కొట్టారు? మీ మీద ఎప్పుడూ గొంతు కూడా ఎత్తని మనిషి."

"వాళ్ళ నాన్న గురించి ఒక మాటన్నాను."

"...వినండి నాయనలారా. వెయ్యేళ్ళ కిందటి మాట. ఒక రాజు. ఆ రాజు కళ్ళెర్రజేస్తే కోట గోడలు బీటలు వారేవి..."

"అవతల చిన్నమామయ్యగారు కథ మొదలుపెట్టేశారు. అత్తయ్యా, కథ అయ్యాకే గదా సమ్మెట ఎత్తేది?"

"ఆఁ. ఇంకా రాజు కూచునే ఉన్నాడు. సాధువు రావాలి, రాజుకి కోపం రావాలి, కమ్మరిని పిలిపించాలి. మా మరిది ఏదీ కట్టె విరిచినట్టు చెప్పడు, సాగదీస్తాడు. టైముంది."

"ఏమన్నారు మీరు మామయ్యగారి గురించి?"

"సమ్మెటని ఆపింది మాట కాదురా, మీ నాన్న మణికట్టు అన్నాను."

"అంటే?"

"అంటే ఏముంది. ఆయన ఆపేవాడు. బలంగానే దించేవాడు, తలకి గోరెడు దూరంలో బిగబట్టేవాడు. అందరూ ఇంటికి పోయాక కళ్ళకి గంత కట్టుకుని కోడిగుడ్ల మీద సాధన చేసేవాడు, దాగలి మీద పెట్టి. మొదట్లో అన్నీ పచ్చడే. ఆ పగిలిన గుడ్లు తినలేక చచ్చాం. నీ మొగుడేమో బడికెళ్ళి మా ఇంట్లో రోజూ గుడ్డేనని గొప్పలు చెప్పుకునేవాడు."

"మరి ఈయనకి నేర్పలేదా?"

"నేర్పాలంటే చెప్పాలిగా, ఇది నేర్చుకునే పని అని. కొడుక్కి ఆయన దేవుడు. ఏ దేవుడికి నోరొస్తుంది, నేను దేవుణ్ణి కాదురా అని చెప్పడానికి? ఇవాళా రేపూ అంటూనే పోయాడు."

"అయితే ఈయనకి ఆపడం రాదు."

"రాదు."

"నిజంగా దించేస్తారు."

"నీ మొగుడికి అబద్ధం తెలీదమ్మాయ్. అదే మన ఖర్మ."

"చిన్నమామయ్యగారికి చెప్పలేకపోయారా? ఆయన మాటంటే అందరూ..."

"చెప్పాను ఎప్పుడో. దణ్ణం పెట్టాడు నాకు. 'వదినా, నీకీ పరీక్ష పెట్టిందీ అహీలమే' అన్నాడు. వాడికి నమ్మకం. నమ్మినవాడితో ఏం వాదిస్తావ్."

"...గొలుసులు వేసి ఈడ్చుకొచ్చారు నాయనలారా, ఆ సాధువుని. ఒళ్ళంతా రక్తం. పెదవుల మీద నవ్వు..."

"నవ్వా, నా బొంద. లాగు తడుపుకున్నాడు."

"ఎవరు?"

"సాధువు."

"మీకెలా తెలుసు? వెయ్యేళ్ళ నాటి..."

"వెయ్యేళ్ళూ లేదు, పాడూ లేదు. నీ మొగుడప్పుడు నీ పిల్లంత ఉన్నాడు. ఈ గోడకవతలే. రాజూ మీ మామయ్యే, కమ్మరీ మీ మామయ్యే. సాధువేమో ఇప్పుడు కథ చెప్తున్నాడు చూడు, గడ్డం నిమురుకుంటూ, వాడు."

"చిన్నమామయ్యగారా?"

"కొలిమిలో నిప్పు ఆరిపోనిచ్చాడు వాడు. అంతే తప్పు. తిత్తి ఊదమని కూచోబెడితే నిద్రపోయాడు. ఆ నిప్పు ఆరితే ఈయన రాజుకున్నాడు. తమ్ముణ్ణి జుట్టు పట్టి లేపి, మొహం గోడకేసి కొట్టి, తల తెచ్చి దాగలి మీద అదిమాడు. మోకాలు మెడ మీద. పట్టకారుతో ముందు చెవి పట్టి లాగాడు, చెవి తమ్మె చిరిగింది. అందుకే వాడు అటువైపు జుట్టు వేలాడేసుకుంటాడు. తరవాత సమ్మెట తీశాడు."

"తమ్ముడి మీదా?"

"ఆయన కోపం ఎవరిదని అడిగేది కాదు. నేనిక్కడ పిల్లాడికి పాలిస్తున్నాను. గోడలో ఈ బొగ్గుల తలుపు సందులోంచి కనపడింది. పిల్లాణ్ణి నేల మీద పడేసి దూరాను."

"ఈ చిన్న తలుపులోంచా?"

"అప్పుడు నీకన్నా సన్నంగా ఉండేదాన్నిలే. సమ్మెట అప్పటికే దిగుతోంది. పట్టుకోగలిగేది కాదు, తలనన్నా లాగుదామంటే మోకాలు మెడ మీదుంది. సమ్మెటనే పక్కకి నెట్టాను. నెట్టిన చెయ్యి దాగలికీ సమ్మెటకీ మధ్య పడింది."

"మిషన్‌లో పడి మీ చెయ్యి పోయిందన్నారు. పెళ్ళిలో నాక్కూడా అదే చెప్పారు, కోత మిషన్‌లో పడిందని."

"మీ మామయ్య చెప్పమన్నదే చెప్పాను. తలుపు తగిలిందని చెప్పడం ఈ ఇంట్లో ఇవాళ కొత్తా?"

"చెయ్యి నలిగితే అరవలేదా మీరు?"

"ఎముకలు నలిగిన చప్పుడు నాకు వినపడలేదు. నా అరుపు మాత్రం వినపడింది. ఎవరిదో అనుకున్నాను. అహీ... అని. ఏదో అందామని కూడా అనలేదు, దానంతటదే వచ్చింది. మా మరిది కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆ అరుపే విన్నాడు. తెరిచేసరికి సమ్మెట చెవి పక్కన ఉంది, తల ఉంది, నేను లేను. ఈ తొట్టి దగ్గర చేతిని నీళ్ళల్లో ముంచుకుని కూచున్నాను, నీళ్ళు ఎర్రగా అయ్యాయి. వాడు లేచినవాడు లేచినట్టే పారిపోయాడు. ఏళ్ళకి తిరిగొచ్చాడు గడ్డంతో. 'అన్నా, ఆ రోజు ఏదో ఒక మాట వచ్చి నీ సమ్మెటని ఆపింది' అన్నాడు. చివర్న ఒక ల పెట్టి సున్నా కూడా చుట్టుకుని తెచ్చాడు, అహీలం అని."

"మామయ్యగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక? ఒకవైపు తమ్ముడి తల పగలగొట్టబోయి పెళ్ళాం చెయ్యి పచ్చడి చేసినవాడు. ఇంకోవైపు దేవుడు చెయ్యాపినవాడు. నువ్వైతే ఏది కావాలంటావ్? నేనూ ఊరుకున్నాను. ఆ రోజు నుంచీ ఆయన నా మీద చెయ్యెత్తలేదు మరి. నాకదే చాలనిపించింది."

"...అహీలం అంటే ఏమిటి నాయనలారా? అ అంటే లేనిది. హీ అంటే ఊపిరి. లం అంటే లయం. మొత్తం కలిపితే, నీకూ చావుకీ మధ్య నిలిచినది..."

"అర్థం మాత్రం సరిగ్గా చెప్పాడు పాపం. ఆ నిలిచినదేమిటో తెలీదు గానీ."

"అత్తయ్యా, అందరూ ఆ మాట అందుకుంటున్నారు. ఇప్పుడెక్కడికొచ్చింది కథ?"

"రాజుకి కోపం వచ్చేసింది. కమ్మరిని పిలుస్తారు. నీ తమ్ముడి మెడకి తోలుపట్టీ బిగిస్తూ ఉంటారు."

"అరుద్దాం. ఇద్దరం కలిసి అరుద్దాం."

"ఎవరికి వినపడుతుంది? వాడి చెవుల్లో మైనం. మిగతావాళ్ళు అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు."

"నేను వెళ్తాను. పిల్లని పట్టుకోండి."

"వెళ్ళి?"

"పట్టీ విప్పుతాను."

"నలుగురున్నారు చుట్టూ. తాకే లోపల ఈడ్చి పారేస్తారు. సమ్మెట లేచాక మాత్రం అందరూ కళ్ళు మూసుకుంటారు, అది వాళ్ళ పద్ధతి. అప్పుడు దూరాలి. ముందు దూరితే పట్టుకుంటారు, వెనక దూరితే వాడుండడు."

"అయితే అప్పుడే దూరతాను. మీరు చేసిందే నేనూ చేస్తాను. వాడు నా తమ్ముడు అత్తయ్యా. నేనే పిలిచాను వాణ్ణి ఇక్కడికి."

"ఏ చెయ్యి పెడతావ్?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి కాదు. నేనూ అనుకోకుండా కుడిది పెట్టాను. తరవాత పిల్లాణ్ణి ఎత్తుకుంటే ఒకవైపు జారిపోయేవాడు. నీ మొగుడి కనుబొమ్మ మీద మచ్చ చూశావుగా. చిన్నప్పుడు మంచం మీంచి దొర్లాడని చెప్పానే."

"మీ చేతిలోంచి పడ్డారా?"

"ఈ గట్టు అంచు మీద. నా చేతికి సమ్మెట పడ్డప్పుడు అంత నొప్పెయ్యలేదు నాకు."

"మీరిలా చెప్తుంటే టైమైపోతుంది. పిల్లని పట్టుకోండి."

"అదే గదా చెప్తున్నాను. పిల్లని నాకివ్వకు. ఒంటి చెయ్యి. జారుతుంది."

"మరేం చెయ్యమంటారు?"

"నా జుట్టు ముడి వెయ్యి. కళ్ళకి అడ్డం పడుతోంది."

"ఇప్పుడు జుట్టేమిటి అత్తయ్యా?"

"వెయ్యమన్నానా. నాకు రాదుగా ఒంటి చేత్తో."

"...కమ్మరీ, ఈ తల నలగ్గొట్టు అన్నాడు రాజు. కమ్మరి సమ్మెట అందుకున్నాడు..."

"వేశాను. వదులుగా వచ్చిందేమో."

"ఊడదులే. బొగ్గుల తలుపు గడియ తియ్యి. మెల్లిగా, అది కిర్రుమంటుంది. నువ్విటు రా, గోడ వైపుకి. పిల్ల చెవులు మూసి పట్టుకో."

"అత్తయ్యా. వద్దు. మీకున్నది ఆ ఒక్క చెయ్యే."

"అందుకే నాకు ఏ చెయ్యా అని ఆలోచించే పని లేదు. అదుగో, గొంతులు ఆగాయి. కళ్ళు మూసుకున్నారు. పక్కకి జరుగు."

"అత్తయ్యా."

"రేపట్నించి పిల్లతో పాటు నాక్కూడా నువ్వే తినిపించాలి. ఈ పెదవి మానేదాకా కారం వెయ్యకు."