తారుమారైన వైర్లు

శనివారం సాయంత్రం, ఉదయగిరి చర్చిలో క్వయర్ మాస్టర్ సామ్యేలు, బేస్ గిటార్ వాయించే సుకుమారి.

“ఇవ్వను సార్.”

“సుకుమారీ, గిటార్ కింద పెట్టు. రేపు ఆరాధనలో యేసుబాబు వాయిస్తాడు.”

“నేనేం తప్పు వాయించినాను?”

“తప్పని కాదమ్మా, మోత లేదు. బేస్ అంటే గుండె అదరాల. నువ్వు వాయిస్తే దోమ పాడినట్టు ఉండాది. ఆడపిల్లవి, వేళ్లల్లో బలం...”

“వేళ్ల మాట ఎత్తబాకండి. ఇదో, తీగల మోత పట్టే పికప్‌లు రెండుండాయి గదా, ముందరది ఒక్కటే తెరిచినా. వినండి.”

“బాగానే ఉండాది.”

“ఇప్పుడు వెనకది ఒక్కటే.”

“ఇదీ బాగుండాది. అయితే ఏంది?”

“రెండూ కలిపి తెరిచినా. ఇప్పుడు?”

“అదే! అదే దోమ!”

“వేళ్లు అవే గదా సార్. బలం ఏడకు పోయింది?”

“...ఏందంటావు?”

“ఒక పికప్‌కి వైర్లు తారుమారుగా అతికించినారు. ఒకటి తోస్తే ఇంకోటి లాగుతా ఉండాది. మోత లోపలే చచ్చిపోతా ఉండాది. మా నాయన మైకుసెట్ల మధ్య పెరిగినదాన్ని, బాక్సులకు వైర్లు తిరగబడినా ఇట్నే అయ్యేది.”

“ఐదేండ్ల కింద ఆత్మకూరులో రిపేరు చేయించినాను గదా!”

“ఆడనే తిరగేసి ఉంటారు. ఈ ప్లేటు విప్పుతా.”

“విప్పబాక! చర్చి వస్తువు. చెడిపోతే సంఘానికి ఏం చెప్పాల?”

“సుకుమారి చెడగొట్టిందని చెప్పండి. ఇదో, విప్పేసినా. ఈ వైరు ఆడికి, ఆ వైరు ఈడికి.”

“చెప్తే వినవా?”

“ఆరు నెలలు విన్నా సార్. వేళ్లకు బలం రావాలని ఇసక బకెట్లో గుచ్చి గుచ్చి... చూడండి, తోలు లేచిపోయుండాది. ఇంక వినను. కాస్త ఆ ప్లగ్గుకు పెట్టిన మా నాయన సాల్డరింగ్ ఐరన్ ఇట్టియ్యండి.”

“...పట్టుకో. చెయ్యి కాల్చుకోబాక.”

“అయిపోయింది. రెండూ తెరుస్తా ఉండా.”

“అబ్బా! గుండె అదిరింది!”

“బెంచీలు అదురుతా ఉండాయి సార్.”

“ఊఁ.”

“రేపు ఎవరు వాయిస్తారు?”

“నువ్వే.”

“తప్పు నా వేళ్లది కాదని అందరి ముందర చెప్తారా?”

“చెప్తా. ఆగు, ముందు ఒక ఫోన్ చేసుకోవాల.”

“యేసుబాబుకా?”

“మా ప్రసన్నకు. ఆ రిపేరైన ఏడాదే, వేళ్లల్లో బలం లేదని, నా కూతురి చేతుల్లోంచి ఈ గిటార్ లాగేసుకున్నాను.”