తొమ్మిదో నంబరు చొక్కా

జనవరి చివరి ఆదివారం, ఐర్లండ్‌లోని లీట్రిమ్ కౌంటీలో మాలకీ వాళ్ల వంటిల్లు. డ్రమ్‌కీల్ జట్టు తరఫున పంతొమ్మిదేళ్లు మిడ్‌ఫీల్డ్‌లో బంతిని చేత్తో కూడా పట్టే గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన మనిషి మాలకీ. జట్టు సెలెక్టర్ ఫెర్గల్ వచ్చి కూర్చున్నాడు. మాలకీ భార్య నూలా టీ పోస్తోంది.

"రానన్నానంటే రాను ఫెర్గల్. ఎంత అడిగినా ఇంతే."

"నేనింకా ఏమీ అడగలేదు కదరా మాలకీ."

"అడగడానికేగా వచ్చావు. ఏటా క్లబ్బు మీటింగులో లేచి ఇక ఆడనంటాను. మర్నాడు చర్చి నుంచి తిన్నగా నువ్విక్కడికి వస్తావు. నూలా చేసిన ఆపిల్ టార్ట్ మూడు ముక్కలు లాగించి, ఇంకొక్క ఏడాదిరా అంటావు. ఆరేళ్లుగా ఇదే తంతు."

"ఈసారి రెండు ముక్కలే. డాక్టరు తగ్గించమన్నాడు."

"చూశావా నూలా, మాట ఎలా దాటేస్తున్నాడో."

"చూస్తున్నా. ఇంకొంచెం పాలు పొయ్యనా ఫెర్గల్?"

"చాలు నూలా. ఒరేయ్ మాలకీ, నేనొచ్చిన పనేంటంటే..."

"ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయిరా నాకు. ఇంకా ఎన్నాళ్లు ఆడమంటావు?"

"నలభై ఒకటి."

"నువ్వూరుకో నూలా. మొన్న అక్టోబరులో పక్క పారిష్ వాళ్ల మీద ఆడినప్పుడు, నలుగురి నెత్తిమీంచి లేచి బంతి అందుకుందెవరు? చెప్పు ఫెర్గల్."

"నువ్వే."

"ఆఁ."

"తర్వాత కింద పడ్డావు. లేపడానికి ముగ్గురం రావాల్సొచ్చింది."

"బురదరా అది."

"మైదానంలో మిగతా ఇరవై తొమ్మిది మందికీ అదే బురద కదా మాలకీ."

"అసలు నువ్వు ఏ జట్టు మనిషివే నూలా?"

"చొక్కాలు ఉతికే జట్టు."

"హమ్మయ్య, ఆ మాట నువ్వే అన్నావు నూలా. నేనొచ్చింది చొక్కా కోసమే."

"ఏ చొక్కా?"

"తొమ్మిదో నంబరుదిరా. సెట్టులో అదొక్కటే తగ్గింది. వచ్చే ఆదివారం మొదటి ఆట. డెక్లన్ వేసుకోవాలి."

"ఏ డెక్లన్? ఆ కొత్త పశువుల డాక్టరా? మొన్న మా ఆవు ఈనినప్పుడు వచ్చాడు. చేతిలోంచి దూడని జార్చేశాడు. వాడు బంతేం పడతాడు?"

"ఇరవై నాలుగేళ్లు వాడికి. పడ్డా వాడంతట వాడే లేస్తాడు."

"అంటే నువ్వు చొక్కా కోసమే వచ్చావా?"

"చొక్కా కోసమే."

"బతిమాలడానికి కాదు?"

"కాదు."

"ఒక్క మాట కూడా అనవా? ఊరికే, మాట వరసకైనా?"

"అంటే ఒప్పేసుకుంటావు కదరా. రెండేళ్లుగా నేను మాట వరసకే అడిగాను."

"మూడేసి ముక్కలు తిని మరీ అడిగావు."

"టార్ట్ బాగుంటుంది. చొక్కా ఇచ్చెయ్ మాలకీ, వెళ్తాను."

"చొక్కా ఉతుకులో పడింది."

"ఉతుకులో లేదు."

"నువ్వాగు నూలా. ఉతికి, బయట తీగ మీద ఆరేసినట్టుంది."

"పొద్దున్నించీ వాన. తీగ మీద ఏమీ లేదు."

"అయితే పోయినట్టుంది. వెతికి పంపిస్తాలే ఫెర్గల్."

"సరే, వెతుకు. కానీ ఏంట్రా ఆ చెమట? పక్కన పొయ్యి భగభగమంటుంటే మెడ దాకా ఆ ఉన్ని స్వెటరేంటి?"

"నాకు చలిగా ఉంది."

"చర్చిలో కూడా విప్పలేదు ఫెర్గల్. పొద్దున గదిలో తలుపేసుకుని గంటసేపు ఏం చేశాడో నాకు తెలీదనుకుంటున్నాడు."

"నూలా, వద్దు."

"స్వెటరు కింద చూడు ఫెర్గల్. నువ్వు వెతుకుతున్న చొక్కా అక్కడే ఉంది."

"ఒరేయ్. ఎందుకురా?"

"ఎందుకంటే ఏం చెప్పను? నువ్వు అడుగుతావనుకున్నాను. కాసేపు బెట్టు చేసి, అప్పుడు స్వెటరు విప్పి చూపిద్దామనుకున్నాను. నువ్వు నవ్వుతావు, నూలా తిడుతుంది, అంతా ఎప్పట్లాగే అయిపోతుందనుకున్నాను. నవ్వకురా."

"నవ్వడం లేదు."

"పంతొమ్మిదేళ్లురా. సంతలో నన్ను మాలకీ అని పిలిచేవాడు లేడు, తొమ్మిదో నంబరూ అంటారు. ఇది విప్పేస్తే నేనెవర్నో నాకే తెలీదు. భయంగా ఉంది ఫెర్గల్."

"అడిగేవాణ్ణేరా. నిజంగానే అడిగేవాణ్ణి. కానీ క్రిస్మస్ ముందు ఒకావిడ మా ఇంటికొచ్చింది. ఈ ఏడాది ఈ గడప తొక్కి ఒక్క మాట అడిగినా, ఇక మీ జట్టు చొక్కాలు మీరే ఉతుక్కోండి అంది."

"నూలా?"

"నేనే. రోజూ పొద్దున వంగి నీ కాళ్లకి మేజోళ్లు తొడుగుతున్నదెవరు? అడిగితే నడుము పట్టేసిందంటావు. నెల నెలా ఆ నడుము ఎన్నిసార్లు పడుతుంది మాలకీ?"

"ఆ సంగతి వాడి ముందెందుకు?"

"వాడి ముందే. చాల్లే ఇక. లే, నేనే విప్పుతాను. చేతులెత్తు. బంతి కోసం ఎత్తేవాడివి కదా, అలా."

"మెల్లిగా లాగు నూలా. కుడి చెయ్యి అక్టోబరు నుంచీ పైకి లేవడం లేదు."