రోకలి పార్టీని బతికించిన చావులు

అన్యాయం జరిగింది నాకు, అఫియా డుఫీకి. మొన్న జూన్ ఎనిమిది శనివారం, పట్టపగలు. రోకలి పార్టీ వాళ్ళు మన శాఖ అధ్యక్ష పదవికి ఎవరెవరు నిలబడొచ్చో జాబితా తెచ్చి ఈ బడ్డీ గోడకే అంటించారు. అందులో నా పేరు లేదు! బిరాగో, ఆ నవ్వు ఆపి అలసందల అన్నం పెట్టవే. చేపల కారం దండిగా వెయ్యి, లోపలి మంటకి తోడుంటుంది.

ఈ పార్టీ ఇంకా బతికుందంటే ఎవరి చలవ? మన ఊళ్ళో పదకొండు పార్టీలు పుట్టాయా? పది పార్టీలు, పెట్టిన పెద్దమనిషితో పాటే గోతిలోకి పోయాయి. మన పెద్దమనిషీ పోయాడు. ఎన్నికలూ పోయాయి. కార్లేసుకుని వచ్చినవాళ్ళు కార్లేసుకునే పోయారు. పార్టీ ఆఫీసులో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఎరుపూ నలుపూ సంతాపం బట్ట కట్టుకుని చావుకెళ్ళాను.

"ఎవరి చావుకి, అత్తా?"

ఎవరిదైతేనేంరా టానో! శాఖ కార్యదర్శివి, ఇంకా తెలీదా? ఓటడిగే రోజు అందరూ వస్తారు, ఏడ్చే రోజు ఎవడొచ్చాడో అదే జనం గుర్తుపెట్టుకుంటారు. మొదటి శనివారం ఒక్క చావు. కుడిచేతి వైపు నుంచి మొదలుపెట్టి కూర్చున్న ప్రతివాళ్ళకీ చెయ్యి కలిపి, "రోకలి పార్టీ మీ దుఃఖంలో ఉంది" అన్నాను. పన్నెండు మంది సభ్యులుగా చేరారు. మరుసటి వారం మూడు చావులు, ఆపై తొమ్మిది!

"ఒక్క రోజులోనే?" అంది బిరాగో.

పొద్దు గుంకకముందే! నా మొగుడు అంటుండేవాడు, నా చావుకి కూడా ఆలస్యంగానే వస్తావే అని. వచ్చాను కూడా, దారిలో రెండు పలకరింపులున్నాయి మరి. ఒకసారైతే వరస ఎంత పొడుగంటే, చెయ్యి కలుపుతూ కలుపుతూ పక్క జిల్లాలో తేలాను. అరచేయి కాయ కాసి ఎంత గట్టిపడిందంటే, రోకలి లేకుండా ఆ చేత్తోనే ఉడికిన కర్రపెండలం దంచి ఫుఫూ ముద్ద చేశాను.

"అబ్బో! రోలు పగల్లేదా?" అంది బిరాగో.

పగిలింది, నేనే అతికించాను. అసలు సంగతి వినండి. తాళంచెవి పార్టీ ముసలాయన పోయాడు. పిల్లలు తాళంచెవి ఆకారంలోనే శవపెట్టె చేయించారు. నేను పెట్టె మీద అలా చెయ్యి వేశాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలి నుంచి ముసలాయన, "డుఫీ, మా పార్టీవాళ్ళు ఒక్కరూ రాలేదు, నన్ను మీలో రాసుకో" అన్నాడు! స్మశానం చేరేలోగా వడ్రంగులు నడుస్తూనే చిత్రిక పట్టి, తాళంచెవి పళ్ళన్నీ చెక్కేసి, రోకలి చేసేశారు. వేలిముద్ర కూడా వేశాడు, నిండుగా!

ఇంత చేసినదాన్ని, ఈ శనివారం ఎన్నికలో నిలబడటానికి పనికిరానా? చెప్పరా టానో, ఎవడు కొట్టేశాడు నా పేరు?

"ఎవరూ కొట్టెయ్యలేదు అత్తా. సభ్యుల పుస్తకం రెండుసార్లు తిరగేశాను. నువ్వు చేర్పించిన మూడువందల తొంభై మందీ ఉన్నారు. ఆ ముసలాయన కూడా ఉన్నాడు, వేలిముద్రతో సహా. నువ్వే లేవు. రెండేళ్ళ సభ్యత్వం ఉంటేనే పోటీకి నిలబడొచ్చు."

"ఇరవై ఏళ్ళు పార్టీ కోసం ఏడ్చి, చేరడం మర్చిపోయావటే!" అంది బిరాగో, గరిటె కిందపడేసి.

సభ్యత్వం కార్డులు రాసేది నేనే కదే. నన్ను అడగాల్సిందీ నేనే. ఆ ఒక్క ఇంటికీ వెళ్ళలేదు మరి... ఇంతకీ నిలబడింది ఎవర్రా?

"నేనొక్కణ్ణే అత్తా."

అయితే గెలుస్తావులే, దద్దమ్మా. పుస్తకం తెచ్చావా? తియ్యి. రాసుకో నన్ను కూడా.

"రాశాను అత్తా, చదువుతున్నా విను. వరస సంఖ్య మూడువందల తొంభై ఒకటి. అఫియా డుఫీ. చేరిన తేదీ: 2019 జూన్ 11, మంగళవారం."