కోడి రెక్కలకు నాగప్ప సాక్ష్యం

బొంబాయి రోడ్డు మీద లారీ నడిపే నాగప్ప నోటికి బ్రేకు లేదని జహీరాబాద్‌లో అందరికీ తెలుసు. ఆ మాటకొస్తే ఆయన చెప్పే కథల్లో లారీకీ బ్రేకు ఉండదు. అందుకే ఆయన బండి ఆగిందంటే జనం పోగయ్యేవారు.

బండి ఆగేది ఊరి చివర, కల్లు దుకాణం పక్కన, గిరిజమ్మ పందిరి ముందు. మొగుడు పోయినాక గిరిజమ్మ ఆ పందిరి కింద పొయ్యి పెట్టుకుని కోడి రెక్కలు వేయించి అమ్ముతూ బతుకుతోంది. కల్లు తాగేవాళ్లకు నంజుకోవడానికి కారంగా ఏదో ఒకటి ఉండాలి. తొడలూ ఛాతీ ముక్కలూ బజారు హోటళ్లు ఎత్తుకుపోతాయి, రెక్కలు మిగులుతాయి. వాటిని ఆమె పొద్దున్నే తెచ్చి, కందికట్టె మంట మీద నూగు కాల్చి, పసుపూ ఉప్పూ రుద్ది, అల్లం, ఎల్లిగడ్డ, ఎండుమిరప కలిపి నూరిన ముద్ద పట్టించి, పొద్దు వాలేదాకా మూతపెట్టి ఉంచి, కుసుమ నూనెలో వేయించేది.

1981 చలికాలం అది. ఆ సాయంత్రం గిరిజమ్మకు రేపు ఆ పందిరి కింద పొయ్యి ఉంటుందో లేదో తెలియదు. పందిరి ఉన్న జాగ ఇంద్రసేన పటేలుది. బీదర్ నుంచి ఒకాయన వచ్చి, ఆ జాగ నాకిస్తే రేకుల షెడ్డు వేసి రెక్కలు నేనే వేయిస్తానని పటేలును అడిగాడు. పటేలు కొన్నాళ్లు అటూ ఇటూ ఊగాడు. చివరికి పందిరి కిందికి వచ్చి నులక మంచం మీద కూర్చుని ఒక మాట అన్నాడు.

"బొంబాయి దాక ఉన్న రెక్కలన్నీ తిన్న మనిషి నాగప్ప. గిరిజమ్మయి మేలని ఆయన అంటే ఆమె ఈడనే ఉంటది. అనకుంటే రేపు పొయ్యి తీసెయ్యాలె."

ఆ మాట బండి దిగగానే నాగప్పకు ఎవరో అందించారు. ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని, పెళ్లిలో పెద్దమనిషిలాగా ఎదురు మంచం మీద కూర్చున్నాడు. కల్లు ముట్టేవాడు కాదు, "బండి నడిపేటోన్ని, నాకెందుకు" అనేవాడు. అంగీ మెడ గుండీ ఎండాకాలంలో కూడా విప్పేవాడు కాదు. గిరిజమ్మ దగ్గర రెక్కలు ఎప్పుడు కొన్నా మోదుగాకులో కట్టించుకుని, ఆ పొట్లాన్ని దారం కొసతో పట్టుకుని లారీ ఎక్కేవాడు. వేడికి చెయ్యి కాలుతుందని కాబోలు అనుకునేది ఆమె. పక్కనే ఆ లారీ రెండో డ్రైవరు రామచందర్ కూర్చున్నాడు. నాగప్ప మాట్లాడే చోట ఇంకొకరికి సందు దొరకదు కాబట్టి రామచందర్ మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ.

"చెప్పు నాగప్పా, ఎవలయి మంచి రెక్కలు?" అన్నాడు చెరుకు బండ్ల మాణిక్.

"ముందుగాల నేను రెక్కల కోసం పోలే," అని మొదలుపెట్టాడు నాగప్ప. "అల్లం లోడు తీస్కొని పోతున్న. హుమ్నాబాద్‌ల బండి ఆపిన. కమలమ్మ అని ఒకామె చిన్న హోటలు నడుపుతది. రెక్కలు పెట్టింది. మంచిగున్నయి. అబద్ధం ఎందుకు చెప్పాలె, మంచిగున్నయి, జర కారం ఎక్కువ."

"గింతేనా?"

"ఇను మరి. కారం ఎక్కువ అన్న గద. తిని బండెక్కి ఉఫ్ అని ఊపిరి ఇడిసిన. అద్దం మీద మంచు గడ్డగట్టి ఉండె, అంతా కరిగి కారిపోయింది. ఇగ దారి పొడుగూత నేను ఊదుకుంట పోవుడు, ముంగట తొవ్వ ఆరుకుంట పోవుడు. ఎనక చూస్తే పది లారీలు నా ఎంబడి లైను గట్టినయి. ఏంది బయ్ అంటే, సలి కాగుతున్నమన్న, నువ్వు నోరు మూయకు అన్నరు."

"అది మాత్రం నిజమే, నువ్వు మూయవు," అన్నాడు మాణిక్. అందరూ నవ్వారు. గిరిజమ్మ నవ్వలేదు. ఊపిరితో మంచు కరిగే కారం ఎట్లా నూరి ఉంటుందా అని ఆలోచిస్తోంది.

"అప్పుడు పట్టుకున్నది నాకు పిచ్చి. హుమ్నాబాద్‌లనే గిట్లుంటే ముంగట ఎట్లుంటయో, ఈ రోడ్డు మీద అన్నిటికంటె మంచి రెక్కలు ఏడున్నయో ఎతకకుంట ఉండొద్దు అనుకున్న. ఉమర్గ పోయిన. ఆడ ఒక మరాఠాయన గిన్నె మీద మూత, మూత మీద తిరగలి రాయి పెట్టి కూసున్నడు. రాయెందుకు కాకా అంటే, లేకుంటే మూత నిలువది అన్నడు. నేను ఇంటనా? రాయి జరిపిన. మూత లేసింది. రెక్కలు ఒకదాని ఎనక ఒకటి కొంగల బారు లెక్క లేసి పోయి చింతచెట్టు మీద వాలినయి. గంత తేలిక. నోట్ల ఏసుకుంటే నాలిక మీద నిలువయి, అంగిలికి పోయి అతుక్కుంటయి. నీళ్లు తాగి కిందికి దింపుకోవాలె."

"చెట్టు మీదియి ఏం జేసినవ్?" అడిగాడు పటేలు. ఆయనకు తెలియకుండానే ముందుకు వంగాడు.

"లోడులకెంచి ఒక అల్లం కొమ్ము తీసి చూపిచ్చిన పటేలా. జహీరాబాద్ అల్లం వాసనకు మెల్లగ దిగొచ్చినయి."

జహీరాబాద్ అల్లం అనేసరికి నలుగురు రైతులు మీసాలు సవరించుకున్నారు.

"షోలాపూర్‌ల ఇంకో కత. రైలు పట్టాల పక్కన పొయ్యి. ప్యాసింజరు పోతున్నది. డ్రైవరు ఆపలే, బండి తానే ఆగింది. ఇంజను రెండు తుమ్ములు తుమ్మింది, పొగ గొట్టం నుంచి మిరపకాయ వాసన. డబ్బాలన్నీ ఖాళీ, జనమంత పొయ్యి చుట్టే. టేషను మాస్టరు ఉరికొచ్చి, ఓ గార్డు సాబ్, పచ్చ జెండ ఊపు, బండి పోనీ అంటడు. గార్డు ఏడ ఊపాలె? జెండకు మూతి తుడుసుకుంట ఉన్నడు."

కల్లు ముంతలు చేతుల్లోనే ఆగిపోయాయి. దుకాణంలో కల్లు పోసే మనిషి కూడా ముంత వదిలి పందిరి గుంజ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాగప్ప చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే పెద్దదే వస్తుందని వాళ్లకు తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖండాల ఘాటు. ఎక్కే ముందట ఒక ముసలామె బుట్ట పెట్టుకొని ఉన్నది. బిడ్డా, జోడు తినాలె, ఎడమ రెక్క ఒకటి, కుడి రెక్క ఒకటి, ఒకదిక్కుయే తినకు అన్నది. ఆకలి మీద ఎవలింటరు? చేతికి దొరికినయి దొరికినట్టు తిన్న. అన్నీ ఎడమయే. బండెక్కినంక స్టీరింగు ఎటు గుంజినా లారీ ఎడమ పక్క లేసి కుడిదిక్కే తిరుగుతది. గుట్ట చుట్టూ తిరిగి తిరిగి మల్ల ముసలామె కాడికే వస్తి. ఆమె నవ్వి కుడి రెక్కలు పెట్టింది. అవి కడుపుల పడ్డయో లేదో, బండి సక్కగైంది. సక్కగైంది అంటే రోడ్డు మీద కాదు. రోడ్డు ఇడిసింది."

"ఇడిసిందా?"

"అల్లం తోటి, టైర్ల తోటి లేసింది. కింద మబ్బులు, మబ్బుల కింద ఘాటు. ఘాటుల రైలు పోతుంటే ఎండబెట్టిన మిరప దండ లెక్క కనవడ్డది. చెక్‌పోస్టు నాకా కాడ గేటు జవాను పైకి చూసి, గేటు ఎత్తాల్నా దించాల్నా తెల్వక, టోపీ తీసి చేతుల పట్టుకొని నిలవడ్డడు. బొంబాయి మార్కెట్ల దిగిన. తాడిప్పి చూస్తే అల్లం బస్తాల మీద కొంగలు గూడు పెట్టినయి."

 గిరిజమ్మ తల ఎత్తి పందిరి సందుల్లోంచి ఆకాశం చూసింది. అక్కడ లారీ ఏదీ లేదు గానీ, ఉన్నా ఆమె ఆశ్చర్యపోయేది కాదు. నూనె పొగలు కక్కుతుంటే తెలివికి వచ్చి గరిటె తిప్పింది.

"మరి ఇప్పుడెందుకు ఎగురుతలేదు నీ లారీ?" అన్నాడు మాణిక్.

"టైర్ల దుకాణపోల్లు కాళ్లు పట్టుకున్నరు. మా గిరాకీ పోతదన్నా, దిగి నడుపు అన్నరు."

నవ్వులు లేచి సద్దుమణిగాయి. అప్పుడు తట్టింది గిరిజమ్మకు. హుమ్నాబాద్ అయింది, ఉమర్గ అయింది, షోలాపూర్, ఖండాల అయ్యాయి. తన రెక్కల మాట ఆయన నోట రాలేదు. తన రెక్కలు పెనంలో పడి వేగడం తప్ప ఎప్పుడూ చెట్టెక్కలేదు, రైలు ఆపలేదు.

పటేలు కూడా అదే అడిగాడు. "అన్నీ బాగనే ఉన్నయి నాగప్పా. మరి గిరిజమ్మ రెక్కల సంగతి?"

నాగప్ప నోరు తెరిచాడు, మూశాడు. ఆ నోరు మూతపడడం ఆ పందిరి కింద అదే మొదటిసారి.

"వాటికి కత లేదు పటేలా," అన్నాడు.

గిరిజమ్మ మొండిగా నాలుగు రెక్కలు పళ్లెంలో పెట్టి తెచ్చి ఆయన ముందు ఉంచింది. "తిని చెప్పు అన్నా. బాగలేకుంటే బాగలేవని చెప్పు."

నాగప్ప పళ్లెం వైపు చూశాడు. జర వేడి తగ్గనీ అన్నాడు. వేడి తగ్గింది. నిమ్మకాయ ఉందా అన్నాడు. నిమ్మకాయ వచ్చింది. సల్లారినయి గద అన్నాడు. గిరిజమ్మ మళ్లీ వేడివి తెచ్చింది. ఆయన చెయ్యి మోకాలి మీది నుంచి కదల్లేదు.

పటేలు మంచం మీంచి లేచాడు. "ఇన్ని ఊర్లు తిన్న మనిషికి ముట్టబుద్ధే అయితలేదంటే ఇంకేం చెప్పాలె. గిరిజమ్మా, రేపు పొయ్యి తీసెయ్యి."

ఆమె వంగి పొయ్యిలోంచి మండే కట్టె ఒకటి బయటికి లాగింది.

"కూసో పటేలా," అన్నాడు రామచందర్. అందరూ అటు తిరిగారు. "ఆయన ఈ రెక్కలే కాదు, ఏ రెక్కా తినలే. హుమ్నాబాద్‌ల తినలే, ఖండాలల తినలే. ఆయన మెడల లింగం ఉన్నది. పుట్టిన కాన్నుంచి నీసు ముట్టని మనిషి. తిన్నదంత నేను."

నాగప్ప వేళ్లు అంగీ మెడ గుండీ మీదికి పోయాయి. అక్కడున్న కళ్లన్నీ ఆ గుండీ మీదికే పోయాయి.

"అయితే ఎగిరింది నువ్వా రామచందర్?" అన్నాడు మాణిక్.

"నేనెన్నడు ఎగరలే. కారం ఎక్కువుంది అన్న, ఆయన మంచు కరిగిచ్చిండు. మెత్తగ తేలికగున్నయి అన్న, చెట్టెక్కిచ్చిండు. ఖండాలల తిన్నయి అరగక కడుపుల తిప్పింది అన్న. ఇగ చూసుకో, లారీని తిప్పిండు."

పందిరి విరిగి పడేట్టు నవ్వారు. నాగప్ప తల వంచుకున్నాడు. గిరిజమ్మ ఒక్కతే నవ్వలేదు. చేతిలో కట్టె పట్టుకునే అడిగింది. "తిననోనివి, మరి ఊరూర రెక్కలు ఎందుకు ఎతికినవ్ అన్నా?"

"వీడు స్టీరింగు మీద కునుకుతడు చెల్లె," అన్నాడు నాగప్ప మెల్లగా. "ఉత్త రెక్కలిస్తే తినుకుంట కూడ కునుకుతడు. మంచియి దొరికితే కునుకడు. గందుకే ఎతికిన. వీడు నడుపుకుంట తింటడు, ఎట్లుందిరా అని నేను అడుగుత. ఒక్క మాట అంటడు. ఆ ఒక్క మాట పట్టుకొని పొద్దు పొడిసే దాక చెప్పుకుంట పోత. వాడు మేల్కొని ఉంటడు, బండి రోడ్డు మీద ఉంటది."

నవ్వులు ఆగిపోయాయి. ఇందాక ఆ లారీ ఎగిరిందని విన్నప్పుడు కలగని విస్మయం, అది రోడ్డు దిగలేదని విన్నప్పుడు వాళ్లకు కలిగింది.

"మరి ఈమె రెక్కలకు కత లేదంటివి?" అన్నాడు పటేలు.

"ఏడికెళ్లి రావాలె పటేలా? ఊరు దాటినంక చిరాగ్‌పల్లి కాడ పొట్లం ఇప్పుతడు. ఎట్లుందిరా అంట. ఊ అనడు, ఆ అనడు. మల్ల అడుగుత. పలుకడు. హుమ్నాబాద్ దీపాలు కనవడ్డంక ఆకు నాకి బయట పారేస్తడు. ఎన్నిసార్లు అడిగినా గంతే. మాట ఇయ్యకుంటే కత దేనితోటి కట్టాలె?"

పటేలు మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. పళ్లెం తన వైపు లాక్కుని ఒక రెక్క తీసి కొరికాడు.

పందిరి కింద అందరూ ఆయన దవడలు చూస్తున్నారు. నాగప్ప ముందుకు వంగాడు, ఒక్క మాట దొరికితే చాలని.

"ఎట్లున్నయి పటేలా?" అన్నాడు మాణిక్.

పటేలు పలకలేదు. ఎముక పక్కన పెట్టి రెండోది తీసుకున్నాడు. తర్వాత మూడోది. మళ్లీ అడిగితే, తిననివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. నాలుగోది కూడా అయిపోయాక, వేళ్లు నాకి, ఖాళీ పళ్లెం గిరిజమ్మ వైపు చాపాడు.

గిరిజమ్మ బయటికి లాగిన కట్టెను తిరిగి పొయ్యిలోకి నెట్టింది.