ముల్లంగి కత్తి మీద గులాబీ రంగు

“నానమ్మా, సీరియల్ల మందు కొట్టంగనే నెత్తురు మరక నీలంగ మెరుస్తది కదా, మీ ల్యాబుల సుత గట్లనేనా?”

మెరుస్తది బిడ్డా, చీకట్ల. గని తుప్పు సుత మెరుస్తది, బ్లీచింగు సుత మెరుస్తది, సీరియలోళ్లు గది చెప్పరు. ఫోను జెర దగ్గరికి పెట్టు, వీడియోల నీ మొఖం సక్కగ కనవడ్తలేదు. మీ అమ్మను సుత పిలువు, ఒక్కదానికే చెప్తే నాకు మజా రాదు.

ఖాజా భాయ్ అని, బోయిన్‌పల్లి మార్కెట్ల ముల్లంగి అమ్మేటోడు. పొద్దుగాల పక్క దుకాణపాయనతోని లొల్లి అయింది, పొద్దుగూకే వరకు ఆ పక్క దుకాణపాయన్ని ఎవరో పొడిచి సంపిన్రు. పోలీసోళ్లు ఖాజా భాయ్ కత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టిన్రు. చూస్తే ఏం మరక లేదు. తడి దూదితోని పిడి సందు తుడిచి, రక్తం ఉంటే గులాబీ అయ్యే ఫినాఫ్తలీన్ మందు చుక్క ఏసిన, ఏం లేదు. దాని మీద పెరాక్సైడ్ చుక్క ఏసిన. ఎంబడే గులాబీ రంగు. మీ తాత పెండ్లికి పెట్టిన చీర... కాదు, అది మా అత్త పెట్టింది, గా రంగు.

“అయిపాయె మేడం, రక్తమే అని రాసియ్యుర్రి” అన్నడు ఇన్‌స్పెక్టర్. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆయన పరేషాన్ ఆయనది. నేను రాస్తే ఖాజా భాయ్ పని ఖతం. ప్రభువా, నా చెయ్యి తొందరపడనియ్యకు అనుకున్న.

“సార్, ఈ కత్తితోని ఏం కోస్తడు?”

“ముల్లంగి ఆకులు. ఎందుకు?”

ముల్లంగి రసం సుత రక్తం లెక్కనే గులాబీ తెస్తది, అది చదువుకున్నదే. మా అత్త ముల్లంగి కోస్తే ఇల్లంత ఘాటు, ఉడికినంక ఏడ పోతదో ఏమో. ఈ గులాబీ తెచ్చే గుణం సుత గంతే, వేడికి చస్తది. రక్తంది చావదు. ఇంకో దూదితోని తుడిచి ఓవెన్ల పెట్టిన, పక్కన అసలు రక్తం మరకొకటి పెట్టిన, తేడా కనవడాలె గదా. తీసి చుక్కలేసిన. రక్తందేమో గులాబీ. కత్తిది తెల్లగ, మన చర్చి గోడ లెక్క.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసి, “ఇంకో చుక్క ఎయ్యుర్రి మేడం” అన్నడు.

“సీసా అంత పొయ్యనా సార్?” అన్న.

మిగిలిన పరీక్షలు సుత గదే మాట చెప్పినయి. ఖాజా భాయ్‌ని ఇడిచిపెట్టిన్రు. ఇన్‌స్పెక్టరే సంగతంత చెప్పిండేమో, తెల్లారి ఖాజా భాయ్ మన మారేడ్‌పల్లి ఇంటికొచ్చిండు, చంకల ఇంత ముల్లంగి కట్ట. “ఉడకబెట్టుకోనే తినుర్రి అమ్మా, పచ్చిదాన్ని నమ్మొద్దు” అన్నడు. మీ తాత నవ్వలేక కుర్సీ పట్టుకున్నడు. నువ్వు మూతి తిప్పే ఆదివారం ముల్లంగి సాంబారు ఉంది గదా, అప్పటిసంది షురూ అయిందే.

ఫోరెన్సిక్ చదువుత అంటివి. రేపు నీ బల్ల మీద సుత ఎవరిదో పానం పెడ్తరు. మొదటి రంగుకే మురవని చెయ్యి ఆ దేవుడు నీకియ్యాలె బిడ్డా. ఏదీ, తల ఇటు ఫోను దగ్గర పెట్టు, దీవిస్త.