సైడ్ స్టాండ్ తీగలు కలిపింది ఎవరు

విచారణాధికారి గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. నా వయసు ముప్పై తొమ్మిది. రక్త పరీక్షల ల్యాబ్‌లో పని. పొద్దున్నే ఇళ్లకు వెళ్లి నమూనాలు తీసుకొస్తాను. వెళ్లిన ఇళ్లలో నన్ను సూదబ్బాయి అంటారు. ఈ వయసులో కూడా అబ్బాయినే.

చనిపోయినది మా నాన్న. వయసు డెబ్బై ఒకటి. నలభై ఏళ్లు బళ్ల మెకానిక్కుగా చేశాడు. ఇంజను దగ్గర చెవి పెట్టి జబ్బు చెప్పేసేవాడు కాబట్టి చెవి మేస్త్రి అనేవారు. చూపు తగ్గాక షెడ్డు మూసేసి మా ఇంట్లోనే ఉంటున్నాడు. నా వల్లే ఆయన పోయాడని మా అక్క ఫిర్యాదు ఇచ్చింది. బండిలో తీగలు నేను మార్చానని అందులో రాయించింది. ఆ మాట మొదట నేనే ఒప్పుకున్నాను. అది అబద్ధం.

ఎలక్ట్రిక్ బండి కొని పద్నాలుగు నెలలైంది. ఇంటికి తెచ్చిన రోజు నాన్న దాని పక్కన కూర్చుని చెవి ఆనించి, చాలాసేపు విని, "దీనికి ఊపిరే లేదు కదరా, ఇక వైద్యం ఏం చేస్తాం" అన్నాడు. అందరం నవ్వాం. అయినా రోజూ తుడిచేవాడు. "నేను కాపురానికొచ్చిన కొత్తలో కూడా నన్నింత ముద్దు చేయలేదు మామయ్యా" అని నా భార్య దెప్పేది.

సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఆ బండి కదలదు. స్టాండ్ దగ్గర చిన్న స్విచ్చు, దానికి రెండు తీగలు ఉంటాయి. నాలుగు నెలల కిందట ఆ స్విచ్చు పాడైంది. స్టాండ్ తీసి ఉన్నా బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఒకసారి లారీ ముందు ఆగింది. సర్వీసు సెంటరులో, "పార్టు రావాలండీ, ఇరవై రోజులు పడుతుంది" అన్నారు. నేను రోజూ ఇరవై రెండు ఇళ్లు తిరగాలి. నమూనాలు రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి.

ఆ సాయంత్రం, "నాన్నా, ఆ స్విచ్చు లేకుండా చేయగలవా?" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. షెడ్డు మూశాక ఆయనను ఎవరూ పని అడగలేదు. చూపు ఆనదు కాబట్టి వేళ్లతో తడిమి, తీగల తొక్క పంటితో లాగి, రెండూ కలిపి మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఇక స్టాండ్ వేసి ఉన్నా బండి కదులుతుంది. పది నిమిషాలు కూడా పట్టలేదు. "ఇక నడుపు. ఆగితే నన్నడుగు" అన్నాడు. తర్వాత పార్టు వచ్చిందని సర్వీసు సెంటరు వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. నేను వెళ్లలేదు. బండి బాగానే నడుస్తోంది. పైగా, ఆయన చేసిన పని విప్పిస్తే నాన్న చిన్నబుచ్చుకుంటాడు.

పోయిన మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇంటికి వచ్చాను. ల్యాబ్ నుంచి ఫోను మోగింది. స్టాండ్ వేసి, మాట్లాడుతూ లోపలికి వెళ్లాను. బండి ఆపలేదు. ఆపకపోయినా దానికి చప్పుడు ఉండదు. ఎండలో దాని తెర మీద ఏముందో నాకే కనిపించదు, నాన్నకేం కనిపిస్తుంది. ఆయన గుడ్డ తెచ్చి తుడుస్తూ, యాక్సిలరేటరు పిడి కింద చేరిన దుమ్ము కోసం దాన్ని తిప్పాడు. చప్పుడు లేదు కాబట్టి ఆగి ఉందనుకున్నాడు. బండి స్టాండ్ మీదనుంచే ముందుకు దూకింది. గేటు వరకు పదకొండు అడుగులు. మర్నాడు నేనే కొలిచాను. వదిలేస్తే పడేది బండే. ఆయన వదల్లేదు. ఎవరి బండీ ఆయన చేతిలోంచి ఎప్పుడూ కింద పడలేదు. తల గేటు స్తంభానికి తగిలింది. ఆ చప్పుడు విని బయటికొచ్చాను. ఆయన చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. చక్రం తిరుగుతూనే ఉంది. పదకొండు అడుగులే.

మూడో రోజు కంపెనీ మెకానిక్కు కానిస్టేబులుతో వచ్చి బండి పక్క మూత విప్పాడు. "ఏ తలమాసినోడు చేశాడండీ ఈ పని?" అన్నాడు. అక్క అక్కడే కూర్చుని నాన్న చొక్కాలు మడత పెడుతోంది. "నేనే" అన్నాను. అక్క లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. "నాన్నని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడు కదరా, అలా చేయకూడదని" అంది. 

ఈ రోజు అధికారి గారు నా ముందు రెండు తీగలు, ఒక టేపు పెట్టి, "ఎలా కలిపావో చేసి చూపించు" అన్నారు. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ ఊడిపోయాయి. ఎంత సన్నని నరమైనా దొరకబట్టుకుంటాను గానీ ఆ పని నాకు రాదు. బండిలోంచి కోసి తెచ్చిన ముడిని ఆయన నా అరచేతిలో పెట్టారు. అంత జరిగినా అది వదులవలేదు. అప్పుడు ఏడ్చాను. నిజం చెప్పాను.

అడిగింది నేను. చేసింది నాన్న. ఆపకుండా వదిలేసింది నేను. శిక్ష ఏదైనా నాకే వేయండి. ఇది అక్కకు వినిపించవద్దని అధికారి గారిని బతిమాలుకున్నాను. తప్పు నాదైతే ఆమె నన్ను తిట్టుకుంటూ బతకగలదు. నాన్నను ఎలా తిట్టుకుంటుంది? ఫిర్యాదు చేసినవారికి దీని ప్రతి ఇవ్వక తప్పదని ఆయన అన్నారు. అక్క బయట బల్ల మీద కూర్చుని ఉంది.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు సంతకం చేస్తున్నాను.

(సంతకం)