నాలుగో సిలిండర్ దగ్గర వెలుతురు లేదు

హలో… ఆ, నేనే. చెప్పన్నయ్యా… ఎక్కడుంటాను, నా బండి దగ్గరే. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. కింద సిలిండర్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, వాటిని మూసే హెడ్ లేదు.

…నువ్వే తీశావని తెలుసు. ఇంకెవరికి ధైర్యం ఉంది?

…అడిగితే ఇవ్వనని అడగలేదా? బాగుంది. దొంగలందరూ అదే అంటారు.

…ఎవరికి? పాలవ్యానుకా? దానిది పాత ఇంజన్ కదా. పాత బ్లాకు మీద నా కొత్త మోడల్ హెడ్ ఎలా బిగించావు?

…బోల్టులు కూర్చుంటాయి. ఎందుకు కూర్చోవు? కంపెనీవాళ్ళు బోల్టుల కన్నాలు అలాగే ఉంచారు, నీళ్ళు పోయే దారి మార్చారు.

…మొదలెట్టావా నా చదువు మీద. అవును, నువ్వు షెడ్డులో చెమటోడిస్తేనే నేను ఇంజనీరునయ్యాను. ఏ రోజూ కాదనలేదు. ఆ ఒక్క మాట ఇంకెన్నిసార్లు వడ్డిస్తావు?

…ఇది కాలేజీలో చెప్పింది కాదు. నాన్న చెప్పిందే. హెడ్ కింద పరిచే గాస్కెట్లు, పాతదీ కొత్తదీ, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుని చూడమనేవాడా, లేదా?

…బోల్టుల వరకే చూశావు. చూసి రెండూ నా సీటు మీదే పారేసి పోయావు, మసితో సహా. ఇదిగో, ఎండకి పట్టుకున్నా… మూడు సిలిండర్ల చుట్టూ వెలుతురు వస్తోంది. నాలుగోదాని పక్క కన్నం మూసుకుపోయింది. అక్కడ నీళ్ళు పైకి ఎక్కవు. బరువుతో కొండదారి ఎక్కితే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది.

…షెడ్డులో నడిచిందా? ఖాళీ బండి షెడ్డులో ఎందుకు నడవదు?

…ఏంటీ? మళ్ళీ అను… నేను చూసి సరేనన్నానని చెప్పావా, ఆ పాలవ్యాను ఆయనతో?

…అమ్మ ఇక్కడే ఉంది. వింటోంది… అమ్మ మీద ఒట్టు వేయకు.

…ఇప్పుడు ‘బంగారం’ అంటున్నావు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

…షెడ్డు పేరు పోతుందా? మలుపులో ఆయన బండి ఆగి వెనక్కి జారితే పేరు నిలబడుతుందా?

…సరే, గడప తొక్కొద్దంటే తొక్కను. ఆయన ఎదురుగానే ఉన్నాడన్నావుగా, ఫోన్ ఇవ్వు… ఇవ్వన్నయ్యా. లేకపోతే నేనే ఆయనకి చేస్తాను.

నమస్కారమండీ… ఆ, వాళ్ళ చెల్లెల్నే… లేదండీ, నేను ముందు చూడలేదు. ఇప్పుడే చూశాను… సరిపోదండీ. బోల్టులు సరిపోయాయంతే. బండి తీయకండి… తెలుసండీ, పాలు ఆగవు. ఇవాళ్టికి ఇంకో బండి చూసుకోండి… ఆయన… మా అన్నయ్య పొరపాటు పడ్డాడండీ. మోసం కాదు.

…ఆ. నువ్వేనా… తిట్టు, వింటున్నా…

…ఇంకా ఏమైనా మిగిలిందా?

…హెడ్ దించేటప్పుడు చివరి బోల్టుల నుంచి మధ్యకి రా. ఒక్కసారే విప్పకు, వంగుతుంది. అది కూడా నాన్న… హలో… అన్నయ్యా…

పెట్టేశాడమ్మా… లేదు. రావద్దన్నాడు… నన్నొక్కదాన్నే. నువ్వు వెళ్ళొచ్చు.

ఆ గోనెపట్టా ఇలా ఇవ్వు. ఇంజన్లో దుమ్ము పడుతోంది.